తెలుగు చదువరికి అందుబాటులో ఇ-బుక్ రీడరు: హిజ్లీ అనుభవాలు

ఉద్యోగరీత్యా ఊరూరా తిరిగే మావంటి వారి ఇంటి సామానులో బదిలీ బదిలీకీ తగ్గిపోయేవి పుస్తకాలు. బీరువా వస్తుంది, మంచం వస్తుంది, రుబ్బురోలు సైతం వస్తుంది. పుస్తకాల పెట్టె దగ్గరకు వచ్చేసరికి మాత్రం "ఇవి ఇక్కడే ఎవరికైనా ఇచ్చివేద్దాం" అనే మాట ఇంట్లో వినబడుతుంది. ఆ విధంగా మూడు బదిలీలు దాటి మేము హిజ్లీ చేరేనాటికి మా అందరి వద్దా మిగిలిన తెలుగు పుస్తకాలు కలిపినా ఒక అలమారు నిండలేదు. ఆ కొరతను తీర్చుకొనే ప్రయత్నంలో మేము ఒక ఇ-బుక్ రీడరు కొన్నాము, పొరపాటు పడ్డాము, పిదప ఆ పొరపాటును సరిదిద్దుకున్నాము. ఆ అనుభవం పఠనాభిలాషగల మన సహోద్యోగులకు ఉపకరించగలదను ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

హిజ్లీ అనగా పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణానికి చేరువనున్న ప్రాంతం. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం స్వాతంత్ర్య యోధుల కొరకు ఇక్కడ నిర్బంధ శిబిరాన్ని నెలకొల్పినది. 1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలో జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు అసువులు బాసినారు. స్వాతంత్ర్యానంతరం 1951లో అదే భవనంలో మన దేశపు తొలి ఐ.ఐ.టి. ప్రారంభమైనది. చెరసాల చదువులశాలగా మారిన చోటు ఇది.

ఖరగ్‌పూర్‌కు తెలుగువారితో ఉన్న బంధం ఐ.ఐ.టి. కంటె పాతది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన కాలం నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు పనికొరకు తరలివచ్చి స్థిరపడినారు. వారి మూడవ, నాలుగవ తరాలవారు ఇప్పుడు ఇక్కడ ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపినదంటే, దాని వెనుక ఈ పట్టణపు తెలుగువారి చిరకాలపు కోరిక ఉన్నది. అయితే హోదా వేరు, చదవడానికి చేతిలో పుస్తకం ఉండటం వేరు. ఇక్కడి అంగళ్లలో తెలుగు పుస్తకం దొరకడం అరుదు. విశాఖ నుండి ఎవరైనా రైలెక్కి వస్తూ సంచిలో వేసుకొని తెస్తేనే వచ్చినట్లు.

మా తొలి పొరపాటు

మేము అద్దెకున్న ఇంటికి రెండిళ్ల అవతల రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఉండేవారు. వారి తండ్రిగారు పలాస వైపు నుండి వచ్చినవారు. ఆదివారం ఉదయం వారి వరండాలో టీ త్రాగుతూ కూర్చోవడం మాకు అలవాటు. యౌవనంలో రైల్వే కాలనీ గ్రంథాలయం నుండి తెచ్చుకొని చదివిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' నవలను మళ్లీ ఒకసారి చదవాలని వారి కోరిక. ఆ గ్రంథాలయపు బీరువాలు ఎన్నడో చెదల పాలైనవి. ఒక కంటికి శుక్లాల ఆపరేషను జరిగినది, రెండవ కంటికి జరగవలసి ఉన్నది. "ఉన్న కంటితో చదివీయాల బాబూ, తరవాత ఏటౌతాదో" అనేవారు.

2019 చివరలో మేము ఆరుగురం తలా కొంత వేసుకొని వారికొక ఇ-బుక్ రీడరు కొన్నాము. ఇంజనీర్లమై యుండియు మేము చూసినది ధర ఒక్కటే. ఆరంగుళాల స్క్రీను గల, అన్నింటికంటె చౌకైన రకాన్ని ఎంచుకున్నాము. నవల స్కాను ప్రతిని ఇంటర్నెట్ ఆర్కైవు నుండి దించుకొని అందులో వేసి, పండుగవలె అందరం వెళ్లి వారి చేతిలో పెట్టినాము. పెద్దాయన అద్దాలు సవరించుకొని, ముందుకు వంగి, దూరంగా పట్టుకొని, మళ్లీ దగ్గరకు తెచ్చుకొని చూసి, నొచ్చుకుంటామేమోనని నెమ్మదిగా అన్నారు: "ఇవి అచ్చరాలా బాబూ, చీమల బారా?"

ఆ పరికరం తిరిగి పెట్టెలోకి వెళ్లినది, పెట్టె వారి గూట్లోకి వెళ్లినది. కొన్ని నెలలపాటు దాని ప్రస్తావన మేమూ తేలేదు, వారూ తేలేదు.

ఎలక్ట్రానిక్ సిరా పనిచేయు విధానం

లోపం పరికరానిది కాదు. దానిని అర్థం చేసుకొనుటకు ముందుగా ఇ-బుక్ రీడరు ఎట్లా పనిచేస్తుందో తెలుసుకొందాము.

మన సెల్‌ఫోను, కంప్యూటరు స్క్రీనులు వెనుక నుండి వెలుతురును మన కంటిలోకి పంపుతాయి. ఇ-బుక్ రీడరు స్క్రీను అట్లా కాదు. దానిలో తలవెంట్రుక మందం గల లక్షలాది సూక్ష్మ గుళికలు ఉంటాయి. ప్రతి గుళికలో పారదర్శక ద్రవం, ఆ ద్రవంలో తెల్లని రేణువులు, నల్లని రేణువులు ఉంటాయి. రెండింటికీ పరస్పర విరుద్ధమైన విద్యుదావేశం ఉంటుంది. క్రింది నుండి ఒక విధమైన వోల్టేజి ఇస్తే తెలుపు పైకి, మరొక విధంగా ఇస్తే నలుపు పైకి తేలుతుంది. మనకు కనబడే అక్షరం కాగితంపై అచ్చువలె పరిసరాల వెలుతురుతోనే కనబడుతుంది. ఒకసారి పైకి తేలిన రేణువు కరెంటు లేకున్నా అక్కడే నిలిచి ఉంటుంది. పుట త్రిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు కావాలి. అందువలననే ఒకసారి చార్జి చేస్తే వారాల తరబడి పనిచేస్తుంది. ఎండలో కూర్చున్నా అక్షరం వెలవెలబోదు.

ఈ సాంకేతికతను రూపొందించిన ఇ ఇంక్ సంస్థ 1997లో అమెరికాలో ఏర్పడినది. దీనితో తయారైన తొలి రీడరును సోనీ సంస్థ 2004లో జపానులో విడుదల చేసినది. అమెజాన్ కిండిల్ 2007 నవంబరులో వచ్చినది. మన దేశంలో ఇన్ఫీబీమ్ సంస్థ 2010లో 'పై' అనే రీడరును రూ. 9,999 ధరకు తెచ్చినది. 2012లో కిండిల్ రూ. 6,999కి మన దుకాణాలలో ప్రవేశించినది. 2025 ఏప్రిల్‌లో విడుదలైననాడు 7 అంగుళాల కిండిల్ పేపర్‌వైట్ ధర రూ. 16,999. కాలంతో పాటు తరిగిపోవలసిన ధర తరగలేదు, స్క్రీను నాణ్యత మాత్రం పెరిగినది. కనుక కొనేవారు ఆలోచించి కొనవలసినదే.

తెలుగు పుస్తకానికి రెండు రూపాలు

ఎలక్ట్రానిక్ పుస్తకం రెండు రూపాలలో దొరుకుతుంది. మొదటిది అక్షర రూపం. ఇందులో ప్రతి అక్షరమూ అక్షరంగానే నిక్షిప్తమై ఉంటుంది. ఈపబ్ అనేది ఈ కోవలో ప్రసిద్ధమైనది. అక్షరాన్ని ఎంత పెద్దది చేసినా పంక్తులు తమంత తామే సర్దుకుంటాయి. రెండవది బొమ్మ రూపం. పాత పుస్తకపు పుటను స్కాను చేసి పి.డి.ఎఫ్.గా మార్చినది. ఇది అక్షరాల ఛాయాచిత్రం మాత్రమే. అక్షరాన్ని పెద్దది చేస్తే పుట మొత్తం పెద్దదై, స్క్రీను అంచులు దాటిపోతుంది. ప్రతి పంక్తికీ అటూ ఇటూ జరుపుకుంటూ చదవవలసి వస్తుంది.

ఇంగ్లీషు పాఠకునికి అక్షర రూపంలో పుస్తకాలు కోకొల్లలు. తెలుగువారి పరిస్థితి వేరు. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దక్కినప్పటికీ, మన ముద్రణాలయాలలో డి.టి.పి. పనికి చాలాకాలం యూనికోడ్ కాని ఫాంట్లనే వాడినారు. అందువలన ఆనాడు కంప్యూటరుపై కూర్చిన పుస్తకాలు కూడా నేరుగా ఈపబ్‌గా మారవు. 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిల్‌పై భారతీయ భాషల పుస్తకాలను ప్రారంభించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నవి గాని తెలుగు లేదు.

దీనికి బదులుగా మనకు ఒక గొప్ప నిధి స్కాను రూపంలో లభించినది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, కంప్యూటరు శాస్త్రంలో 1994 ట్యూరింగ్ పురస్కారాన్ని పొందిన డా. రాజ్ రెడ్డిగారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుండి పది లక్షల పుస్తకాల పథకానికి సారథ్యం వహించినారు. దాని భారతీయ శాఖగా నడచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు గ్రంథాలను స్కాను చేయించినది. వాటి ప్రతులు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో పెద్దసంఖ్యలో దొరుకుతున్నవి. మేమున్న హిజ్లీలోని ఐ.ఐ.టి.యే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను నిర్వహిస్తున్నది. 2018 జూన్ 19న జాతికి అంకితమైన ఈ వేదికలో ఒకేచోట వెదకి, దేశంలోని అనేక సంస్థల వద్దనున్న పుస్తకాలను చేరుకొనవచ్చును.

చట్టరీత్యా ఏవి ఉచితమో కూడా తెలుసుకొనుట మంచిది. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభం నుండి 60 సంవత్సరాల వరకు కాపీరైటు ఉంటుంది. 1915లో గతించిన గురజాడ, 1919లో గతించిన వీరేశలింగం, 1946లో గతించిన చిలకమర్తి, 1952లో గతించిన అడివి బాపిరాజు వ్రాసినవి ఇప్పుడు అందరివీ. 1958లో గతించిన ఉన్నవవారి 'మాలపల్లి' 2019 జనవరి 1 నుండి మనందరిదైనది. 1976లో గతించిన విశ్వనాథ, 1979లో గతించిన చలం రచనలకు మాత్రం ఇంకా గడువు ఉన్నది. వాటిని కొని చదవవలసినదే.

తెలుగు పాఠకునికి తేలికగా అందుబాటులో ఉన్న పాత గ్రంథాలలో అత్యధికం బొమ్మ రూపంలోనే ఉన్నవి. రీడరు ఎంపికలో మనకు అతి ముఖ్యమైన అంశం ఇదే. ఇంగ్లీషు పత్రికలలో వచ్చే సమీక్షలు అక్షర రూపాన్ని దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి. వాటిని నమ్మి కొంటే మాకు జరిగినదే ఎవరికైనా జరుగుతుంది.

కొలతల లెక్క

2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ వచ్చినది. రైళ్లు ఆగినవి. విశాఖ నుండి సంచులలో వచ్చే పుస్తకాలూ ఆగిపోయినవి. పెద్దాయన ఇంట్లో పాత వారపత్రికలు మూడవసారి తిరగవేస్తున్నారని తెలిసినది. మూలపడిన రీడరు మాకు అప్పుడు గుర్తుకు వచ్చినది. మొదటే చేయవలసిన లెక్కను ఆనాడు చేసినాము.

మన పుస్తకాలలో ఎక్కువ డెమీ 1/8 సైజువి. పుట 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. అంచులు మినహాయిస్తే అచ్చు ఉండే భాగం సుమారు 4.25 × 7 అంగుళాలు. ఆరంగుళాల రీడరు అన్నప్పుడు ఆ కొలత స్క్రీను మూలమట్టపుది. అసలు వెడల్పు 3.6 అంగుళాలు, ఎత్తు 4.8 అంగుళాలు మాత్రమే. పుట మొత్తం అందులో ఇమడాలంటే 56 శాతానికి కుదించుకుపోతుంది. అచ్చులో 12 పాయింట్లున్న అక్షరం 7 పాయింట్లకు దిగిపోతుంది. చీమల బారు అన్న పెద్దాయన మాట అక్షరాలా నిజమన్నమాట!

వివిధ స్క్రీనులకు మేము కట్టిన లెక్క ఇది. అచ్చులో 12 పాయింట్ల అక్షరం, తెల్లని అంచులు కత్తిరించిన పిదప, ఒక పుట ఒక్కసారిగా కనబడేటట్లు పెడితే:

6 అంగుళాల స్క్రీనుపై సుమారు 8 పాయింట్లు
7 అంగుళాల స్క్రీనుపై సుమారు 9.5 పాయింట్లు
7.8 అంగుళాల స్క్రీనుపై సుమారు 10.5 పాయింట్లు
10.3 అంగుళాల స్క్రీనుపై సుమారు 14 పాయింట్లు

దీనికి తోడు అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు అనేది చూడాలి. మేము కొన్నదానిలో అంగుళానికి 167. ఇప్పటి మంచి రకాలలో 300. ఇంగ్లీషుకు 167 సరిపోవచ్చును గాని తెలుగుకు చాలదు. ప, ఫ లకు తేడా ఒక చిన్న గీత. ద, ధ లకూ అంతే. వాటి క్రింద మళ్లీ వొత్తు, పైన గుడి. మా రీడరులో పుట మొత్తం పెట్టినప్పుడు తలకట్టు నుండి వొత్తు వరకు అక్షరానికి దక్కినవి పదహారు పిక్సెళ్లు. అందులో వొత్తుకు ఐదారు. "వృద్ధుడు", "వృద్దుడు" ఒక్కటైపోతే ఆశ్చర్యమేమున్నది?

రెండు రూపాయల పరీక్ష

లెక్క తేలిన పిదప, పెద్దాయన కంటికి ఎంత అక్షరం కావాలో తేల్చవలసి వచ్చినది. జూన్‌లో అంగళ్లు తెరచినాక ప్రేంబజారులోని ఒక జిరాక్సు దుకాణానికి వెళ్లి, ఒక తెలుగు నవల పుటను 60, 70, 80, 90, 100, 115 శాతాలలో ఆరు కాగితాలు తీయించినాము. వాటిని కలిపివేసి, ఏ కాగితం ఏ కొలతో చెప్పకుండా వారి ముందు పెట్టి "ఏది హాయిగా ఉన్నదో చెప్పండి మామయ్యగారూ" అన్నాము. వారు నూరు శాతపు కాగితాన్ని తీసి, దానిని పక్కన పెట్టి, నూటపదిహేను శాతపు దానిని ఒళ్లో పెట్టుకున్నారు.

మన పాఠకమిత్రులకు మేము మనవి చేసే ముఖ్యమైన విషయం ఇదే. వేలు ఖర్చుచేసే ముందు కాగితానికి రెండు రూపాయలు ఖర్చుచేయండి. మీరు చదవబోయే పుస్తకంలోని ఒక పుటను తగ్గించి, పెంచి జిరాక్సు తీయించి, రాత్రి దీపం క్రింద పది నిమిషాలు చదివి చూడండి. మీకు హాయినిచ్చిన శాతమేదో, దానిని ఇవ్వగల స్క్రీనే మీ స్క్రీను. వయోవృద్ధుల కొరకు కొనేవారు తమ కంటితో గాక వారి కంటితో ఈ పరీక్ష చేయించాలి.

నూటపదిహేను శాతం కావాలంటే 10.3 అంగుళాల రీడరు కొనవలసినదే. అది ఆరంగుళాల దానికి ఎన్నో రెట్ల ఖరీదు. మా స్తోమతకు మించినది. అప్పుడు మాలో ఒకరు అడిగినారు: "పుట మొత్తం ఒకేసారి కనబడితీరాలని ఎవరన్నారు?"

రీడరును అడ్డంగా త్రిప్పితే దాని వెడల్పు 4.8 అంగుళాలు. అంచులు కత్తిరించిన అచ్చు వెడల్పు 4.25 అంగుళాలు. అనగా అక్షరం తగ్గకపోగా 113 శాతానికి పెరుగుతుంది. పన్నెండు పాయింట్లది పదమూడున్నర అవుతుంది. అక్షరానికి దక్కే పిక్సెళ్లు రెట్టింపవుతాయి. పుట మూడు ముక్కలుగా కనబడుతుంది, అంతే. కంప్యూటరులో నవల పి.డి.ఎఫ్. అంచులను ముందుగా కత్తిరించి, రీడరును అడ్డంగా ఉంచి వారి చేతికిచ్చినాము. పైసా అదనపు ఖర్చు లేకుండా మూలపడిన వస్తువు పనిలోకి వచ్చినది.

స్కాను పుటలోని పదాలను ముక్కలుగా కత్తిరించి చిన్న స్క్రీనుకు తగినట్లు మళ్లీ పేర్చే కె2పి.డి.ఎఫ్.ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రాము ఒకటి కలదు. దానినీ ప్రయత్నించినాము. పంక్తికీ పంక్తికీ నడుమ ఖాళీ బాగా ఉన్న పుస్తకాలలో చక్కగా పనిచేసినది. పంక్తులు ఇరుకుగా ఉన్నచోట మాత్రం పై పంక్తి వొత్తులు క్రింది పంక్తి గుడులకు తగిలి, రెండు పంక్తులను ఒకటిగా లెక్కించినది. పుస్తకాన్ని బట్టి వాడుకొనవచ్చును.

కొనేముందు గమనించవలసినవి

మా అనుభవం నుండి తేలిన అంశాలను క్లుప్తంగా పొందుపరుస్తున్నాము.

మొదటిది, మీరు చదవబోయే పది పుస్తకాల జాబితా వ్రాసుకోండి. వాటిలో ఎన్ని అక్షర రూపంలో, ఎన్ని స్కాను రూపంలో ఉన్నవో చూడండి. అక్షర రూపం ఎక్కువైతే ఆరంగుళాల చౌక రకమే చాలును. స్కానులే ఎక్కువైతే ఏడు లేక ఏడున్నర అంగుళాలకు పైబడినది, అంగుళానికి 300 పిక్సెళ్లు గలది ఎంచుకోండి. లేదా చిన్నదానిని అడ్డంగా వాడుకొనడానికి సిద్ధపడండి.

రెండవది, తెలుగును సరిగా చూపుతుందో లేదో పరీక్షించండి. "స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, ఉజ్జ్వల, ఆర్ద్రత, కృష్ణుడు" అనే మాటలను ఒక ఈపబ్‌లో వేసుకొని దుకాణంలోనో, మిత్రుని రీడరులోనో తెరచి చూడండి. కొన్ని పరికరాలలో వొత్తు క్రింద పడక పక్కన పడుతుంది, లేదా అక్షరాల బదులు డబ్బాలు కనబడతాయి. మనకు నచ్చిన తెలుగు ఫాంటును చేర్చుకొనే వీలున్నదా అన్నది కూడా అడగండి. పోతన, వేమన, మండలి, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నవి. కోబో, పాకెట్‌బుక్ వంటి రీడర్లపై పనిచేసే కోరీడర్ అనే ఉచిత ప్రోగ్రాములో ఫాంటు మార్చుకొనుటకు, స్కాను అంచులు కత్తిరించుకొనుటకు వీలున్నది.

మూడవది, పుస్తకం మీది అవునో కాదో తెలుసుకోండి. 2009 జూలైలో అమెజాన్ సంస్థ, హక్కుల వివాదం వలన, జార్జి ఆర్వెల్ నవలలు రెండింటిని కొనుగోలుదారుల కిండిళ్ల నుండి వారికి తెలియకుండానే తొలగించినది, పిదప విమర్శలు రాగా క్షమాపణ చెప్పినది. 2025 ఫిబ్రవరి 26 నుండి కొన్న పుస్తకాన్ని కంప్యూటరులోకి దించుకొని తీగ ద్వారా రీడరుకు ఎక్కించుకొనే సౌకర్యాన్ని అదే సంస్థ నిలిపివేసినది. మన సొంత ఫైళ్లను కంప్యూటరు నుండి నేరుగా వేసుకొనే వీలున్న పరికరం తెలుగు పాఠకునికి మేలు.

నాలుగవది, ధరకు పైబడిన ఖర్చు లెక్కవేయండి. స్క్రీను లోపలి పొర గాజుది. మార్చవలసి వస్తే కొత్తది కొన్నంత పని. గట్టి తొడుగు తప్పనిసరి. విదేశం నుండి తెప్పించుకుంటే సుంకం పడుతుంది, మరమ్మతుకు ఇక్కడ నాథుడుండడు. రాత్రివేళ చదివేవారికి ముందువైపు నుండి పడే దీపం గల రకం కావాలి.

ఐదవది, అసలు అవసరమా అని ఆలోచించండి. పిల్లల పాఠ్యపుస్తకాలు, రంగుల బొమ్మలు, పట్టికలు చూసుకొనడానికైతే పది అంగుళాల సాధారణ టాబ్లెట్టే మంచిది, చౌక కూడా. రోజుకు గంట సేపైనా కథో, నవలో చదివేవారికే ఇ-బుక్ రీడరు గిట్టుబాటు.

ముగింపు

'మాలపల్లి' నవలను ఉన్నవవారు 1921-22 ప్రాంతంలో రాయవెల్లూరు జైలులో వ్రాసినారు. ఆనాటి మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించినది. జైలులో పుట్టిన ఆ నవలను ఒకనాటి నిర్బంధ శిబిరానికి కూతవేటు దూరంలో, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఫిట్టరుగారు రెండు నెలలకు పైగా రోజూ కొంచెం కొంచెం చదివి పూర్తిచేసినారు.

పుటకు మూడుసార్లు మీట నొక్కవలసి రావడం వారికి విసుగు కలిగించినది. కీళ్లనొప్పుల చేతికి ఆ చిన్న మీట ఒక పరీక్షయే. అందుకని ఆరవ తరగతి చదివే మనుమరాలిని పక్కన కూర్చుండబెట్టుకున్నారు. ఆమెకు తెలుగు మాట వచ్చును గాని చదవడం రాదు. బడిలో నేర్చినవి బెంగాలీ, ఇంగ్లీషు. తాతగారు పైకి చదువుతుంటే ఎప్పుడు నొక్కాలో తెలుసుకొనడానికి ఆమె చివరి పంక్తి మీద కన్ను వేసి ఉంచవలసి వచ్చేది. కొన్ని వారాలకు, ఆయన చివరి మాట పలకకముందే మీట నొక్కడం మేము గమనించినాము. "ఎలా తెలిసిందమ్మా?" అని అడిగితే, "ఆ మాట అదే కదా మామయ్యా" అని ఆశ్చర్యంగా మావైపు చూసినది.

పెద్దాయన రెండవ కంటికి తరువాతి సంవత్సరం ఆపరేషను జరిగినది. ఆ రీడరు ఇప్పటికీ వారి ఇంటనే ఉన్నది. తెలుగు వికీసోర్సులో ఔత్సాహికులు అచ్చుతప్పులు దిద్ది అక్షర రూపంలోకి తెచ్చిన పుస్తకాలను ఈపబ్‌గా దించి పంపుతుంటాము. వాటిని నిలువుగానే పట్టుకొని, అక్షరం కావలసినంత పెంచుకొని చదువుకుంటున్నారు. స్కానులన్నీ ఈ విధంగా అక్షర రూపంలోకి వస్తే అతి చౌకైన రీడరే అందరికీ చాలును. మనలో తీరిక గలవారు వారానికి ఒక పుట దిద్దినా అది మేలైన సాయమే.

చివరగా మన సంస్థ యాజమాన్యానికి, రిక్రియేషన్ క్లబ్బులకు ఒక సూచన. ప్రతి యూనిట్ గ్రంథాలయంలోను రెండు వేర్వేరు సైజుల రీడర్లను ఉంచి, పక్షం రోజుల చొప్పున సభ్యులకు ఎరువు ఇచ్చినచో, ఎవరికి ఏది తగునో వారే తెలుసుకొనగలరు. ఆ ఏర్పాటు జరిగే వరకు జిరాక్సు దుకాణం ఉండనే ఉన్నది.